స్క్రీన్‌షాట్ తీస్కోండి అక్కా

వంటింట్లో గొంతు

మా బ్యాండు పేరు తుప్పు. మీరు విని ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో వాయించినా మా వీధి చివర పాలబూత్ ఆయన కూడా వినలేదు. మేం వాయించేది ఆల్టర్నేటివ్ రాక్. అంటే ఏమిటని మా నాన్న ఒకసారి అడిగితే, జనానికి నచ్చేవి వాయించకపోవడం అని గర్వంగా చెప్పాను. "అయితే బాగానే వాయిస్తున్నారు" అన్నాడాయన.

మాలో అసలు మనిషి రాజేశం. పాడేదీ, జుట్టు పెంచిందీ, మండుటెండలో తోలు జాకెట్ వేసుకుని స్పృహ తప్పిందీ అతనే. సూరత్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ల నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వెళ్లి అక్కడ పవర్‌లూమ్‌ల మీద పనిచేశాడు. ఇంజనీరింగ్ కోసం హైదరాబాద్ వచ్చిన రాజేశం నాకు క్లాస్‌మేట్ అయ్యాడు. చదివింది గుజరాతీ మీడియం కాబట్టి తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నేను రాసిన పాటలన్నీ గుజరాతీ అక్షరాల్లో రాసుకుని పాడేవాడు. ఒక పేపరు జిల్లా ఎడిషన్‌లో "తెలుగు పాటకు కొత్త గొంతు" అని మా గురించి రాశారు. కింద వేసిన ఫొటో మాత్రం పక్క వార్తలోని కబడ్డీ జట్టుది.

నేను బేస్ గిటారు వాయించేవాణ్ని. ఫొటోలో సగం కత్తిరించుకుపోయేవాడే బేస్ గిటారిస్టు.

మాకున్న ఒకే ఒక్క పేరున్న పాట "పోగు". నేతవాళ్ల బతుకు మీద నేను రాసింది. అది రాసేనాటికి నేను మగ్గం చూడలేదు. బ్యాంకు ఉద్యోగి కొడుకుని, బట్ట ఎక్కడి నుంచి వస్తుందంటే బీరువా నుంచి అనేవాణ్ని. పాట చివర రాజేశం ఒకే ఊపిరితో ఒక కేక లాగేవాడు. జనం ఫోన్లలో స్టాప్‌వాచ్ పెట్టుకునేవారు. పాట నచ్చి కాదు, పందేలు కాసి. ఆ కేక కోసం వచ్చినవాళ్లు కూడా అది అవ్వగానే బిల్లు కట్టి వెళ్లిపోయేవారు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ "వన్స్ మోర్" అనలేదు. అయినా ఆ కేక నాది కానందుకు నేను లోలోపల కుళ్లుకునేవాణ్ని. బాత్రూమ్‌లో సాధన చేసేవాణ్ని.

కరోనా వచ్చాక పబ్బులు మూతపడ్డాయి. మొదటి లాక్‌డౌన్‌లో ఫేస్‌బుక్ లైవ్ పెడితే పదిహేడు మంది చూశారు. అందులో నలుగురం మేమే. డ్రమ్మరు ప్లాట్లు అమ్మడానికి పోయాడు. గిటారిస్టు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి గిటారుకి గోడ మీద మేకు కొట్టించాడు. వాళ్ల నాన్నకు బాలేదని రాజేశం సూరత్ వెళ్లిపోయాడు. రెండో వేవ్‌లో అతని ఫోను మోగడం మానేసింది. ఆ నెలల్లో ఫోను మోగకపోతే ఏమనుకోవాలో అందరికీ తెలుసు. అందుకే నేను మళ్లీ మళ్లీ చేయలేదు. భయం వల్ల అనుకున్నాను. బద్ధకం కూడా ఉంది.

వేవ్ తగ్గాక ఒక సంగీతోత్సవం వాళ్లు ఫోన్ చేశారు. చలికాలంలో పెద్ద మైదానంలో కచేరీలట. తుప్పు రావాలి, "పోగు" పాడాలి, కేక రాజేశమే వెయ్యాలి. అతను ఒప్పుకున్నాడా అని అడిగారు. ఒప్పుకున్నాడని చెప్పేశాను. అప్పటికి అతను ఉన్నాడో లేడో నాకు తెలియదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా వంటింట్లోంచి రాజేశం గొంతు వినిపించింది. "అక్కా, ఇది జార్జెట్. నెమలికంఠం రంగు. నాలుగువందల యాభై, కొరియర్ ఫ్రీ. స్క్రీన్‌షాట్ తీస్కోండి అక్కా" అంటోంది. వెళ్లి చూస్తే మా ఆవిడ సుజాత ఫోన్ని పోపుడబ్బాకి ఆనించి వంకాయలు తరుగుతోంది. తెర మీద జుట్టు కత్తిరించుకుని, నున్నగా దువ్వుకుని, మెడలో చీర వేసుకుని మా ముఖ్యగాయకుడు. మా పెళ్లి లాక్‌డౌన్‌లో ఇరవై మంది మధ్య జరిగింది. సుజాత రాజేశాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఇతను ఎవరో తెలుసా?" అన్నాను.

"తెలియకేం, సూరత్ తమ్ముడు. రోజూ మూడింటికి వస్తాడు" అంది.

మా ఆల్బమ్ మొదటి పాట దాటి వినని మనిషి.

తెర మీది వాట్సాప్ నంబరుకి ఫోన్ చేస్తే ఒకామె ఎత్తి ఎన్ని పీసులని అడిగింది. చివరికి రాజేశం లైన్‌లోకి వచ్చి, నా గొంతు పోల్చుకున్నాడు. తర్వాత "వచ్చి పో రా" అన్నాడు. కచేరీ సంగతి ఫోన్లో చెప్పలేదు. ఎదురుగా కూర్చుంటే కాదనలేడని నా లెక్క.

బండిలో

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మరునాటి పొద్దున సూరత్. ఎదురు సీట్లో లచ్చవ్వ అనే పెద్దావిడ. ఆమె మాస్కు గడ్డానికి తప్ప ఇంకేదానికీ రక్షణ ఇవ్వడం లేదు. కొడుకు సూరత్‌లోని బమ్రోలిలో లూములు నడుపుతాడట. మొదటి లాక్‌డౌన్‌లో సంసారంతో సహా ఊరికి చేరి, పని మొదలవగానే తిరిగి వెళ్లాడట. ఊళ్లో ఉన్నన్నాళ్లూ నిద్రపట్టక ఏడిపించుకు తిన్నాడని చెప్పింది. లూము చప్పుడు లేకపోతే వాడికి రాత్రి అయినట్టు తెలియదట.

తాండూరు దాటాక సర్వపిండి మూట విప్పి నాకో ముక్క పెట్టింది. నేను ఇరవై రూపాయల చిప్స్ ప్యాకెట్ ఇస్తే ఒకటి తిని, మిగతాది గాలే ఉందని తిరిగిచ్చింది. నేనేం పని చేస్తానని అడిగింది. పాటలు వాయిస్తామని చెప్పాను.

"పెండ్లిళ్లళ్లనా బిడ్డా?"

"కాదు."

"సావులకా?"

"కాదవ్వా."

"మరి ఎప్పుడు వాయిస్తరు?"

ఈ ప్రశ్న మమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవాళ్లెవరూ అడగలేదు. ఫోన్లో "పోగు" పెట్టి వినిపించాను. బోగీలో సగం మంది తిరిగి చూశారు. ఆమె కేక అయిపోయేదాకా శ్రద్ధగా విన్నది. "గొంతు మంచిగుంది. గని గంత సేపు ఒర్రుతుంటే గా పిలగానికి ఎవ్వలు నీళ్లు ఇయ్యలేదా?" అంది.

పల్లెటూరి అమాయకత్వం అనుకుని మనసులో నవ్వుకున్నాను. తిరిగి వచ్చాక చెప్పుకుంటే బాగుంటుందని ఆ మాట ఫోన్లో రాసి పెట్టుకున్నాను కూడా.

సూరత్ బయట

స్టేషన్లో నుదుటికి పిస్తోలులాంటి థర్మామీటరు గురిపెట్టారు. పేలలేదు, జ్వరం లేదని వదిలేశారు. బయటికొచ్చి లోచో తిన్నాను. శనగపిండిని ఆవిరికి ఉడికించబోతే కుదరక ముద్దయిపోయిందట, దాన్నే అమ్మితే జనం ఎగబడ్డారట. ఈ పుట్టుపూర్వోత్తరాలు అమ్మేవాడే చెప్పాడు. పొరపాటుని ప్లేటులో పెట్టి, నూనె పోసి, సేవ్ అనే సన్నకారప్పూస చల్లి ముప్పై రూపాయలకు అమ్ముతున్నారు. మేం మా పొరపాట్లను సీడీలో పెట్టి నూటయాభై చెప్పాం. సేవ్ చల్లాలని తోచలేదు.

ఇక్కడ మద్యం లేదు. పప్పులో మాత్రం బెల్లం వేస్తారు. మా బ్యాండు తిరుగుబాటు ఎప్పుడూ రెండో సీసా తర్వాత మొదలయ్యేది. ఈ ఊళ్లో రాజేశం దేని సాయంతో లోకాన్ని ధిక్కరిస్తున్నాడా అని ఆలోచిస్తూ షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి రాజేశం వాళ్లుండే భేస్తాన్‌లో దిగాను.

భేస్తాన్

రాజేశం కింద గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. కౌగిలించుకోవాలా, మోచెయ్యి తాకించాలా అని ఇద్దరం తడబడి చివరికి దండం పెట్టుకున్నాం. తొమ్మిదేళ్లు ఒకే వ్యాన్‌లో పడి నిద్రపోయినవాళ్లం.

వాళ్లది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి ఊరు చూపించాడు. ఇక్కడి నుంచి మిల్లు పొగగొట్టం కనిపిస్తది, ఇక్కడి నుంచి రైలు పట్టాలు, ఇక్కడ మన కరీంనగర్ ఆయన కిరాణా కొట్టు. ప్రతి చోటా గోడకు ఆనుకుని, కాసేపు ఆగి, తర్వాత మాట్లాడేవాడు. ఊరంటే ఎంత మమకారమో అనుకున్నాను. మా పాటల్లో ఈ మమకారం ఒక్క చరణంలోనైనా పెట్టనందుకు బాధపడ్డాను కూడా. నా పశ్చాత్తాపాలు ఎప్పుడూ ఇలాగే పక్కవీధిలో దిగుతుంటాయి.

వాళ్లమ్మ జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. సూరత్ నడిబొడ్డున మా వేములవాడ చుట్టాలింటి రుచి. వాళ్ల నాన్న కోలుకున్నాడు గానీ లూముల మధ్య చెవులు ఎప్పుడో పోయాయి. నన్ను చూసి ఆయన పెదాలతో ఏదో అడిగాడు. రాజేశం చేత్తో ఏదో చెప్పాడు. లూములు నడిపేవాళ్లు చప్పుడులో అలాగే మాట్లాడుకుంటారట. మాస్కులు వచ్చాక పెదాలు కనపడక కార్ఖానాలో అందరూ మూగవాళ్లైపోయారని రాజేశం నవ్వాడు.

తిన్నాక ఉత్సవం సంగతి ఎత్తాను. మైదానం ఎంత పెద్దదో, లైట్లు ఎన్నో చెప్పాను. నేను ముందే ఒప్పేసుకున్నానన్నది చెప్పలేదు. రాజేశం చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"వస్త" అన్నాడు. "గని ఒకటి. పోగు పాటల ఆఖరి కేక నువ్వు కొట్టాలె."

ఇక్కడ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ మనిషైనా అడుగుతాడు. ఎందుకు రా అని. నేను అడగలేదు. "సరే" అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, అతను తలెత్తి నన్ను ఒకసారి చూసి మళ్లీ చాప వైపు చూశాడు.

సాయంత్రం డాబా మీదకెళ్లి సాధన మొదలుపెట్టాను. రెండో కేకకే మెట్ల మీద చప్పుడైంది. పక్కింటి ముసలవ్వ ఒకామె ఆయాసపడుతూ పైకి వచ్చి, నా భుజం పట్టుకుని, "ఎవ్వలు పోయిండ్రు బిడ్డా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ పోలేదని, ఇది సంగీతమని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఈ రెండేళ్లలో అందరూ ఇట్లనే దాచుకుంటున్నరని, ఏడ్వమని, మంచిదని చెప్పి దిగిపోయింది.

రింగ్ రోడ్డు మార్కెట్

మరునాడు రాజేశం తను పనిచేసే దుకాణానికి తీసుకెళ్లాడు. రింగ్ రోడ్డు మీద అంతస్తుల మీద అంతస్తులుగా చీరలే. పార్శిళ్లు మోసేవాళ్లు "బాజూ, బాజూ" అని అరుస్తూ మనల్ని తోసుకుపోతారు. పక్కకి జరగమనే మాట, జరిగాక వినిపిస్తుంది. చెప్పులు విప్పి తెల్ల పరుపు మీద కూర్చోవాలి. సేఠ్ పెద్దమనిషి. నన్ను చూసి, రాజేశం దోస్తువా, మీ దోస్తు నా దుకాణాన్ని బతికించాడని హిందీలో చెప్పి అరకప్పు చాయ్ ఇచ్చాడు. మార్కెట్ మూతపడి సరుకు మూలుగుతుంటే, ఫోను ముందు నిలబడి తెలుగులో అమ్ముదామన్నది రాజేశమేనట.

మార్కెట్ అనే రాక్షసి మీద మాకు మూడు పాటలున్నాయి. అందులో రాక్షసికి చాయ్ ఇచ్చే అలవాటున్నట్టు ఎక్కడా రాయలేదు.

దుకాణంలో పద్మ అనే ఆవిడ పని చేస్తుంది. జగిత్యాల నుంచి పెళ్లయి వచ్చింది. చీరలు అందించడం, చూసేవాళ్లు రాసే కామెంట్లు పైకి చదవడం ఆమె పని. చీర పట్టుకుని దూరంగా నిలబడే రాజేశానికి ఫోను కనపడదు, కనపడినా తెలుగు అక్షరాలు రావు. ఆ రోజు ఆమెకు రెండో డోసు టీకా ఉంది. కామెంట్లు నేను చదువుతానన్నాను. బ్యాండులో పాటలు రాసినవాణ్ని, చదవలేనా?

వెళ్తూ వెళ్తూ పద్మ నన్ను పక్కకి పిలిచింది. "భయ్యా, ఇంకోపారి చూపియ్యమని రాస్తరు చూడు, గవి ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు. ధరలు అడిగినయి ఇడ్సినా పర్వ లేదు."

సరేనన్నాను. మనసులో మాత్రం ఇంత చిన్న దుకాణానికి ఇన్ని నియమాలా అనుకున్నాను.

మూడయింది. గుండ్రటి లైటు వెలిగింది. క్షణాల్లో చూసేవాళ్లు వేలు దాటారు. పదిహేడు మందికి వాయించిన నేను ఆ అంకెని రెండుసార్లు చదువుకున్నాను. రాజేశం చీర విప్పి, "అక్కా, బాగున్నరా? ఇయ్యాల శ్రావణం మిగులు సరుకు, మీకోసం ఆపిపెట్టిన" అంటూ మొదలుపెట్టాడు. స్టేజీ మీద తొమ్మిదేళ్లు జనాన్ని తిట్టిన మనిషి.

అతని పద్ధతి ఇది. చీర గుణగణాలు రెండు ముక్కల్లో చెప్తాడు. తర్వాత పల్లూని రెండు చేతులతో పైకెత్తి తన ముఖానికి అడ్డంగా పరుస్తాడు. "స్క్రీన్‌షాట్ తీస్కోండి అక్కా" అని ఊరుకుంటాడు. తెరంతా చీరే. కొనేవాళ్లు బొమ్మ తీసుకుని వాట్సాప్‌లో పంపుతారు. తర్వాత ఇంకో చీర.

కామెంట్లు కురిశాయి. వరంగల్, ఖమ్మం, తెనాలి, భిలాయ్. నేను చూసినంతలో సగం ఒకటే మాట. ఇంకోసారి చూపించు తమ్ముడూ. పల్లూ మళ్లీ చూపించన్నా. ఆ నీలంది మరొక్కసారి. ఇప్పుడే చూపించిన చీరని ఇప్పుడే మళ్లీ చూపించమంటున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్లకి మళ్లీ చూడ్డం ఎందుకు? ఆడవాళ్ల చీరల బేరం ఇంతేనని, వీళ్ల వల్లే సమయం పోతోందని తీర్మానించాను. బేస్ వాయించేవాడి పని బండి ఆగకుండా నడపడం. ఆ కామెంట్లన్నీ వదిలేసి, కొత్త చీర, కొత్త చీర అని ఉరికించాను. రాజేశం రెండుసార్లు నా వైపు చూశాడు. బాగా చేస్తున్నానని చూస్తున్నాడనుకుని బొటనవేలు ఎత్తి చూపించాను.

తర్వాతి చీర ఎర్రది. పల్లూ పైకి లేచింది. "స్క్రీన్‌షాట్" అన్నాడు. మిగతా మాట రాలేదు.

ఫోను వైపు నుంచి చూసేవాళ్లకి ఎర్ర చీర ఒక్కటే. నేను పక్కన కూర్చున్నాను కాబట్టి దాని వెనకభాగం కనిపించింది. రాజేశం నోరు తెరిచి, కళ్లు మూసుకుని, గాలి కోసం వెతుక్కుంటున్నాడు. భుజాలు ఎగురుతున్నాయి. చేతులు మాత్రం చీరని కదలకుండా పట్టుకున్నాయి. ప్రతి చీర వెనకా అతను చేస్తున్నది ఇదేనని, నేను వదిలేసిన ప్రతి "ఇంకోసారి"కీ అతనికి ఒక ఊపిరి తక్కువైందని అప్పుడు తెలిసింది. మెట్ల మీద చూపించిన పొగగొట్టం, రైలు పట్టాలు, కిరాణా కొట్టు అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

దగ్గు మొదలైంది. చీర కిందికి జారింది. సేఠ్ స్టూలు తోసి అతన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. లైవ్ నడుస్తోంది. నేను లేచి ఆ ఎర్ర చీర పట్టుకుని లైటు ముందుకి వెళ్లాను.

తొమ్మిదేళ్లు కోరుకున్న చోటు. మధ్యలో నేను, మీద వెలుగు, ఎదురుగా వేలమంది. "నమస్కారం. ఇది ఎర్ర చీర" అన్నాను. మళ్లీ అదే చెప్పాను. చీర తలకిందులుగా పట్టుకున్నానని ఎవరో రాశారు. తమ్ముడేడి అని అడిగారు. ఆ తర్వాత వచ్చినవి నాకు అర్థం కాలేదు. పర్వాలేదు, తొందరేం లేదు, మేం ఇక్కడే ఉంటాం, నిదానంగా రమ్మనండి. ఒకరిద్దరు కాదు, వరసగా. చీరల కోసం ఇంత ఓపికా అని ఆశ్చర్యపోయాను. కాసేపటికి రాజేశం లేచి వచ్చి నా చేతిలోంచి చీర తీసుకుని, "గీ అన్న కొత్త, మాఫ్ చెయ్యుండ్రి" అని కొనసాగించాడు. ఈసారి నేను ఒక్క కామెంటూ వదల్లేదు.

బమ్రోలి

సాయంత్రం వాళ్ల నాన్న పనిచేసిన కార్ఖానా చూపిస్తానని బమ్రోలి తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, లోపల వరసగా లూములు. నా పాటలో మగ్గం ఏడుస్తుంది. ఇవి ఏడవడం లేదు. వెయ్యి రేకు డబ్బాలు మెట్ల మీంచి దొర్లుతున్నట్టుంది. అందులో ఏడ్చినా, పాడినా, బేస్ గిటారు వాయించినా ఒకటే. ఒకతను మాస్కు కిందికి లాగి పెదాలతో రాజేశాన్ని పలకరించాడు. రాజేశం వేళ్లతో జవాబిచ్చాడు. ఊపిరి ఖర్చు లేని మాట.

బయటికొచ్చి చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. రెండో వేవ్‌లో ఆస్పత్రి వరండాలో, తర్వాత లోపల ఆక్సిజన్ మీద, ఎన్నాళ్లో తనకే లెక్క లేదు. ఫోను ఎవరో ఎత్తుకుపోయారు. బయటికొచ్చాక ఒక రోజు డాబా మీద "పోగు" ఎత్తుకున్నాడు. రెండో లైను దాకా రాలేదు.

"మాట వస్తది. జర జర ఆగుకుంట మాట్లాడితె వస్తది. పాట రాదు రా ఇగ. డాక్టరు వస్తదంటడు, నాకైతె నమ్మకం లేదు."

"నిన్న నాకు చెప్పలేదేంరా?"

"నువ్వు అడుగలేదు గద."

కోపంగా అనలేదు. అందుకే తల ఎత్తలేకపోయాను. ఫోన్ చేయడం మానేసింది, అతని పేరు మీద ఒప్పేసుకుంది, కేక నాకు దొరికిందని డాబా ఎక్కింది, అన్నీ చెప్పేశాను. అతను చాయ్ ఊదుకుంటూ విన్నాడు. అసలు సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. అంతా చెప్తూనే నా బుర్ర పక్కన ఇంకో పని చేస్తోంది. ఊపిరితిత్తులు పోగొట్టుకున్న గాయకుడు మళ్లీ వేదిక మీదకి వస్తే ఎంత జనం వస్తారో, దానికి ఏ పేరు పెట్టాలో.

రాజేశం నా ముఖం చూశాడు. లూముల మధ్య పెరిగినవాడు, ముఖాలు చదవడం వచ్చు.

"పోస్టర్ ఏస్తున్నవా మనసుల?"

అతను నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ నవ్వాడు.

"ఇగో శ్రీధర్, నా సంగతి ఆడ ఎవ్వలకు చెప్పకు. ఆ అక్కలకైతె అసలే తెల్వద్దు. బీమారోని దగ్గర చీరలు ఎవ్వలు కొంటరు? వాళ్లు మంచిగ ఇంకోపారి ఇంకోపారి అని అడుగుతరు, నాకు ఆరాం దొరుకుతది. దేవుడు ఆడోళ్లకు అనుమానం మంచిగిచ్చిండు."

అక్కడే కూర్చుని ఉత్సవం వాళ్లకి ఫోన్ చేశాను. తుప్పు రావడం లేదన్నాను. కారణం అడిగారు. మా ముఖ్యగాయకుడికి రోజూ మూడింటికి వేరేచోట కచేరీ ఉందని చెప్పాను. ఎక్కడని అడిగి, పెద్ద వేదికేనా అన్నారు. అవునన్నాను. ఆ ఏడాదిలో నేను వాళ్లకు చెప్పిన మొదటి నిజం.

మళ్లీ వంటింట్లో

తిరిగి వచ్చాక సుజాతకు సూరత్ విశేషాలు చెప్పాను. లోచో, బెల్లం పప్పు, డాబా మీద ముసలవ్వ. ఆ రెండో రోజు లైవ్‌లో ఎర్ర చీర తలకిందులుగా పట్టుకున్నది నేనేనని ఆమెకు ముందే తెలుసు. వాళ్ల చీరల గ్రూపులో నాకు ఒక పేరు కూడా పెట్టారట, చెప్పలేదు. రాజేశం జబ్బు మాట దాచి, మీ ఆడవాళ్లు చూపించిందే చూపించమంటారేమిటి, కామెంట్లు చదవలేక చచ్చాను అని మాత్రం అన్నాను.

ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపింది.

"ఆ రోజు మీరు మా కామెంట్లు చదవలేదు కదా. మాకందరికీ ఎంత కోపం వచ్చిందో."

"ఇప్పుడే చూపించిన చీర మళ్లీ ఎందుకు?"

"చీర కోసమా? ఆ అబ్బాయికి ఆయాసం. మా గ్రూపులో నర్సు ఒకావిడ ఉంది, మొదటి వారంలోనే పట్టేసింది. చీర అడ్డం పెట్టుకుని ఊపిరి తీసుకుంటాడు. అందుకని వంతులవారీగా అడుగుతాం, ఇంకోసారి చూపించమని. పద్మకి తెలుసు. అతనికి తెలియదు. మీరు చెప్పకండి, సిగ్గుపడతాడు."

రాజేశం ఈ మాట ఆమెకు తెలియకూడదన్నాడు. ఆమె రాజేశానికి తెలియకూడదంటోంది. ఈ వ్యాసం అచ్చయినా నాకు భయం లేదు. అతను తెలుగు చదవలేడు, మీరు చదివి వినిపించకపోతే చాలు.

మూడయింది. ఆమె ఫోన్ని పోపుడబ్బాకి ఆనించింది. రాజేశం వచ్చాడు, అక్కలందరినీ బాగున్నరా అని అడిగాడు. ఆకుపచ్చ చీర విప్పి రెండు ముక్కలు చెప్పి పల్లూ పైకెత్తాడు. తెరంతా ఆకుపచ్చ. సుజాత చేతులు తడిగా ఉన్నాయి. ఇవాళ ఈ చీర తన వంతు, మీరు కొట్టండి అంది.

ఫోను తీసుకుని టైపు చేశాను. ఇంకోసారి చూపించు అన్నా.

అవతల పద్మ గట్టిగా చదివింది. కిందికి దిగబోయిన పల్లూ మళ్లీ పైకి లేచింది.